గురి తప్పిన బాణం ఎక్కడికి పోద్ది? వరిగడ్డితో విప్పి మోసుకెళ్లే ఆర్చరీ టార్గెట్ స్టాండ్

మండపేట నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో మనం ఒక వస్తువు తయారు చేద్దాం. విల్లు, బాణాలు ప్రాక్టీసు చేసే పిల్లలకి ఆరుబయట నిలబెట్టుకునే టార్గెట్ స్టాండ్. కావాల్సినవి మూడు పొడవాటి కర్రలు, కొన్ని పొట్టి కర్రలు, వరిగడ్డి, తాడు. పనయ్యాక విప్పేసి, టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు ట్రిప్పుల్లో ఇంటికి తెచ్చేసుకోవచ్చు.

ఇప్పుడు ఇదెందుకు అంటారా? మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. స్కూలు తరఫున ఒకసారి ఆర్చరీ క్యాంపుకి వెళ్లొచ్చింది, అక్కడి నుంచి ఇంట్లో అదే గోల. మంచి అకాడమీ అంటే విజయవాడ. మా ఊరి నుంచి బస్సులో నాలుగు గంటల పైమాటే. వారం వారం ఎవరు తీసుకెళ్తారు? నెలకో రెండు నెలలకో ఒకసారి కోచ్ దగ్గరికి వెళ్లి నేర్చుకోవడం, మిగతా రోజులు ఇక్కడే సాధన చేసుకోవడం. మాకున్న దారి అదొక్కటే. విల్లు కొన్నాం, బాణాలు కొన్నాం. మరి కొట్టేది దేన్ని?

దుకాణంలో దొరికే ఫోమ్ టార్గెట్లు బానే ఉంటాయి గానీ, పెద్ద సైజుకి వెళ్లేకొద్దీ ధర విల్లుతో పోటీ పడుద్ది. ఇటు చూస్తే మా చుట్టూ ఉన్నదంతా వరి. మండపేట అంటేనే రైస్ మిల్లులు. గడ్డికి కరువా? పైగా ప్రపంచంలో చాలా చోట్ల ఆర్చరీ టార్గెట్లు ఎన్నో ఏళ్లుగా గడ్డితోనే చేశారు. అందుకని గడ్డితోనే చేశాం.

పెద్దవాళ్లు కొట్టేది ఎంత చిన్న చోటో చూడండి

ముందు కాస్త ఊపు రావడానికి ఒక విషయం చెప్తాను. వెన్నం జ్యోతి సురేఖ విజయవాడ అమ్మాయి. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణాలు కొట్టింది: వ్యక్తిగతం, మహిళల టీమ్, మిక్స్‌డ్ టీమ్. బొమ్మదేవర ధీరజ్‌ది కూడా విజయవాడే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రికర్వ్ మిక్స్‌డ్ టీమ్‌లో అంకిత భకత్‌తో కలిసి నాలుగో స్థానం. పతకం అడుగు దూరంలో ఆగింది.

వీళ్లు దేన్ని కొడతారో ఒకసారి ఊహించండి. రికర్వ్ అంటే ఒలింపిక్స్‌లో కనిపించే విల్లు. దూరం 70 మీటర్లు. టార్గెట్ కాగితం అడ్డకొలత 122 సెంటీమీటర్లు. అందులో పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లే. మీ చేతిలో ఉన్న ఫోన్ పొడవు కన్నా తక్కువ! కాంపౌండ్ అంటే చివర్లలో కప్పీలుండే విల్లు. దూరం 50 మీటర్లు, పది పాయింట్ల వలయం 8 సెంటీమీటర్లు. ఫోన్ వెడల్పు కన్నా ఓ పిసరు ఎక్కువంతే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీని కూడా కొత్తగా చేర్చారు. కాబట్టి ఇప్పుడు నేర్చుకునే పిల్లలకి దారి ఇంకాస్త వెడల్పయింది.

సరే, మన పిల్లలు మొదలెట్టేది 10 మీటర్ల దగ్గర. అక్కడ కూడా మొదటి నెలలో బాణాలు టార్గెట్‌కే తగలవు. కొన్ని పైనుంచి పోతాయి, కొన్ని పక్కనుంచి. అందుకే స్టాండ్ గురించి చెప్పేముందు గురి తప్పిన బాణం సంగతి తేల్చుకోవాలి. తగిలిన బాణం ఎక్కడుందో అందరికీ కనపడుద్ది. తప్పిందే ఎవరి మీదికి పోద్దో తెలీదు.

స్టాండ్ కన్నా ముందు చోటు

చిన్న లెక్క వేద్దాం. పిల్లలు వాడే తేలికపాటి విల్లు నుంచి బాణం సెకనుకి 40 మీటర్ల వేగంతో వెళ్లిందనుకోండి. భుజం ఎత్తు, అంటే 1.4 మీటర్ల ఎత్తు నుంచి వదిలారు. చెయ్యి 5 డిగ్రీలు పైకి లేచింది. బాణం దాదాపు 40 మీటర్ల దూరంలో నేల తాకుద్ది. 10 డిగ్రీలు లేస్తే 60 మీటర్లు దాటుద్ది. అదే ఎవడో సరదాకి 45 డిగ్రీలు పైకెత్తి వదిలాడంటే, గాలి నిరోధం పక్కన పెడితే లెక్క 160 మీటర్ల పైన తేలుద్ది. గాలి వల్ల కొంత తగ్గుద్ది, నిజమే. కానీ వంద మీటర్ల అవతల పొలంలో వంగి కలుపు తీస్తున్న మనిషికి ఆ తగ్గుదల ఏం ఓదార్పు?

అందుకే మొదటి నియమం: విల్లు ఎప్పుడూ ఆకాశం వైపు చూడకూడదు. తాడు లాగేటప్పుడు కూడా చెయ్యి పైకెత్తి లాగకూడదు. బాణం మొన టార్గెట్ ఎత్తులోనే ఉండాలి.

రెండోది వెనకాల ఏముందో చూడటం. అంతర్జాతీయ పోటీల నిబంధనల్లో టార్గెట్ల వెనక కనీసం 50 మీటర్ల వరకూ జనం లేకుండా అడ్డు కట్టమంటారు. మట్టి గట్టు, గట్టి వల లాంటి బాణాన్ని నిజంగా ఆపే అడ్డుంటే ఆ దూరం తగ్గించుకోవచ్చంటారు. ఒక మాట మాత్రం విడిగా చెప్తారు: చెట్ల కంచె, సందులున్న దడి ఈ లెక్కలోకి రావు. ఎందుకంటే బాణం వాటి మధ్య నుంచి దూరి వెళ్లిపోద్ది.

ఇక మన డెల్టాకి వద్దాం. ఇక్కడ మనల్ని మోసం చేసే చోట్లు మూడున్నాయి.

ఒకటి కాలవ గట్టు. చూడ్డానికి సహజమైన అడ్డు గోడలా ఉంటుంది. కానీ గట్టు మీద దారి ఉంటుంది కదండీ! సైకిల్ మీద పాలు పట్టుకెళ్లేవాళ్లు, గేదెల్ని తోలుకెళ్లేవాళ్లు, బడి పిల్లలు. గట్టు కింద భాగం బాణాన్ని ఆపుద్ది, పైన వెళ్లే మనిషిని ఆ గట్టు కాపాడదు. మనుషులు నడిచే గట్టుని ఎప్పుడూ వెనక పెట్టుకోవద్దు.

రెండు కొబ్బరితోట. నీడగా ఉంటుందని అందరికీ మొదట తోచేది అదే. తోటలో దింపు తీసేవాళ్లు చెట్టెక్కి ఉంటారు, కింద కాయలు ఏరేవాళ్లు ఉంటారు. అదీగాక కొబ్బరి మానుకి తగిలిన బాణం విరిగినా విరుగుద్ది, పక్కకి ఎగిరినా ఎగురుద్ది. చెట్టుకీ గాయం.

మూడు ఇంటి వెనక పెరడు. పక్కింటి ప్రహరీ గోడ గట్టిదే. కానీ గోడకి తగిలిన బాణం వెనక్కి తుళ్లుద్ది. గోడ మీంచి పోతే అవతల ఎవరున్నారో మీకు కనపడదు.

మరి ఎక్కడ? కోతలైపోయిన పొలం. సార్వా కోతకీ దాళ్వా ఊడ్పులకీ మధ్య కొన్ని రోజులు దొరుకుద్ది. దాళ్వా కోసేశాక, వేసవిలో కాలవలు కట్టేసిన రోజుల్లో అయితే పొలాలన్నీ ఖాళీ. ఎండ కాబట్టి పొద్దున్నే 6 నుంచి 8 లోపు ముగించేయాలి. చుట్టూ చదునుగా ఉంటుంది, ఎవరొస్తున్నా దూరం నుంచే కనపడతారు. అదే పెద్ద లాభం. మేం మా బాబాయి పొలం అడిగాం. ఆయన ఒకే మాటన్నారు: "కొట్టుకోండమ్మా, కానీ ఒక్క బాణం కూడా దుక్కిలో మిగలకూడదు. రేపు గేదె కాల్లో దిగితే ఎవరు సమాధానం చెప్తారు?" నిజమే. అందుకే మా పద్ధతి ఏంటంటే, వెళ్లేటప్పుడు బాణాలు లెక్కపెడతాం, వచ్చేటప్పుడు లెక్కపెడతాం. లెక్క తేలేదాకా ఇంటికి రాం.

గడ్డి బాణాన్ని ఎలా ఆపుద్ది?

చాలామంది అనుకునేది, టార్గెట్ ఎంత గట్టిగా ఉంటే అంత బాగా ఆపుద్దని. కాదండి. చెక్క పలకని పెట్టి చూడండి, మొన ఇరుక్కుని బాణం వంగిపోద్ది, లేదంటే ఎగిరి వెనక్కొస్తుంది. గడ్డిలో జరిగేది వేరు. మొన గడ్డి పరకల మధ్య సందు చేసుకుని లోపలికి దూరుద్ది. ఆ పరకలు రెండు వైపుల నుంచీ బాణం ఒంటిని పట్టుకుని రాసుకుంటాయి. లోపలికి వెళ్లేకొద్దీ పట్టు పెరుగుద్ది. బాణాన్ని ఆపేది ఆ రాపిడే. కాబట్టి గడ్డి ఎంత ఉందన్న దానికన్నా, ఎంత బిగించి కట్టామన్నది ముఖ్యం. వదులు గడ్డి మూరెడు మందం ఉన్నా బాణం అవతలికి వచ్చేస్తుంది.

గడ్డి ఎంపిక కూడా చెప్తాను. మిషన్‌తో కోసిన గడ్డి నలిగి, ముక్కలై ఉంటుంది. చేత్తో కోసి, కొట్టిన గడ్డి పొడవుగా ఉంటుంది. రెండోది దొరికితే అదే వాడండి. దొరక్కపోతే మిషన్ కట్టిన గడ్డి బేళ్లు తీసుకుని విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. ఏదైనా సరే, బాగా ఎండి ఉండాలి. తడి గడ్డి లోపల బూజు పట్టి కుళ్లిపోద్ది. ఇంకోటి, గడ్డిమేటులోంచి లాగేటప్పుడు ముందు కర్రతో కదిపి చూడండి. తేళ్లు, పాములు ఉంటాయని మన వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

గడ్డి దిమ్మె కట్టడం

మన దిమ్మె సైజు 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు, 10 నుంచి 12 అంగుళాల మందం. ఇది పిల్లలు వాడే 20 పౌండ్ల లోపు విల్లుకి మాత్రమే. పెద్ద విల్లుకి, కాంపౌండ్‌కి దీన్ని నమ్ముకోవద్దు.

నేల మీద నాలుగు గుంజలు పాతండి, 3 అడుగుల పొడవు, 12 అంగుళాల వెడల్పు వచ్చేలా. గుంజలు నేలపైన 6 అడుగులు ఉండాలి. అడుగున రెండు వెదురు కర్రలు పక్కపక్కన పరిచి, వాటి కింద నుంచి నైలాన్ తాళ్లు నాలుగు వేసి పెట్టుకోండి. ఇప్పుడు గడ్డిని పిడికెడు పిడికెడు కట్టలుగా ఆ కర్రల పొడవునా అడ్డంగా పరుస్తూ పోవాలి. పరకలన్నీ ఎడమ నుంచి కుడికి ఉండాలి. ఒక వరస మొదళ్లు ఎడమ వైపు, తర్వాతి వరస మొదళ్లు కుడి వైపు. లేకపోతే ఒక పక్క లావు, ఒక పక్క సన్నం అయిపోద్ది. అడుగు అడుగుకీ ఎక్కి తొక్కాలి. మా అక్క కూతురు, దాని స్నేహితులు ఈ పని మాత్రం చెప్పకుండానే చేశారు.

గడ్డి 6 అడుగుల ఎత్తుకొచ్చాక పైన ఇంకో రెండు వెదురు కర్రలు పెట్టి, ఇద్దరు పెద్దవాళ్లు మీదెక్కి నొక్కుతుండగా తాళ్లు లాగి బిగించాలి. మిల్లుల దగ్గర లారీవాళ్లు టార్పాలిన్ మీద తాడు బిగిస్తారు చూశారా? తాడులో ఒక లూపు వేసి, అందులోంచి రెండో కొస తీసి కిందకి లాగుతారు. సరిగ్గా ఆ ముడి. కప్పీ లాగా పని చేస్తుంది, తక్కువ బలంతో ఎక్కువ బిగుతు వస్తుంది. 6 అడుగుల గడ్డి 3 అడుగులకి దిగేదాకా బిగించండి. ఒక్కసారిలో దిగదు. అరగంట ఆగితే గడ్డి సర్దుకుంటుంది, మళ్లీ లాగండి.

పరీక్ష ఏంటంటే, దిమ్మె ముందు వైపు మీ బొటనవేలు గట్టిగా నొక్కండి. వేలు సులువుగా దిగిపోతే ఇంకా వదులుగా ఉన్నట్టు. గోరు దాకా వెళ్లి ఆగిపోతే సరిపోయినట్టు. తర్వాత చుట్టూ గోనెపట్టా చుట్టి కుట్టేయండి. పరకలు రాలవు, కాగితం అంటించడానికి వీలుగా ఉంటుంది.

దిమ్మె బరువు ఒక బియ్యం బస్తాలో సగానికి కాస్త అటూ ఇటూ వస్తుంది. ఇద్దరు పట్టుకుంటే తేలిక. పిల్లలు ఒక్కళ్లే ఎత్తకూడదు.

మూడు కాళ్ల స్టాండ్

కాళ్లు మూడే ఎందుకు? దుక్కి నేల ఎత్తుపల్లాలు. నాలుగు కాళ్ల బల్ల అలాంటి చోట ఏదో ఒక కాలు గాల్లో పెట్టి ఊగుద్ది. మూడు కాళ్లది ఎలాంటి నేల మీదైనా మూడూ ఆనించి నిలబడుద్ది. ఫోటో స్టూడియోవాళ్ల ట్రైపాడ్ గుర్తుందిగా, అంతే.

7 అడుగుల పొడవున్న సరుగుడు కర్రలు మూడు తీసుకోండి. మందం 2 అంగుళాలు చాలు. వెదురు తేలిక, కానీ మేకు దించినా, బెజ్జం వేసినా చీలే గుణం ఉంది. అందుకే నేను మేకులు, బోల్టుల జోలికి పోలేదు. అంతా తాడే. తాడు కట్టుకి ఇంకో లాభం, విప్పితే మూడు కర్రలూ ఒక మోపైపోతాయి.

కర్రలు మూడూ నేల మీద పక్కపక్కన పెట్టండి. పై కొస నుంచి 8 అంగుళాలు వదిలి, తాడుని మొదటి కర్ర పైనుంచి, రెండో దాని కిందనుంచి, మూడో దాని పైనుంచి అల్లుతూ, మళ్లీ వెనక్కి అలాగే తేండి. తడిక అల్లినట్టు. ఇలా ఐదారు చుట్లు. తర్వాత కర్రల మధ్య సందుల్లోంచి నిలువుగా రెండేసి చుట్లు వేసి ముడి వేయండి. మరీ బిర్రుగా వద్దు, కాళ్లు విచ్చుకోవడానికి కొంచెం సడలు ఉండాలి. మధ్య కర్రని వెనక్కి లాగితే అది వెనక కాలు. పక్క రెండూ ముందు కాళ్లు.

ఇప్పుడు దిమ్మె కూర్చోవడానికి చిన్న అరుగు. 4 అడుగుల కర్రలు రెండు తీసుకోండి. ఒకటి ముందు కాళ్లకి అడ్డంగా కట్టండి. రెండోది దానికి ముందు ఆనించి జతగా కట్టండి. ఒక్క కర్ర మీదైతే దిమ్మె ముందుకి జారే ప్రమాదం ఉంది, రెండుంటే కుదురుగా కూర్చుంటుంది. దిమ్మె ఎక్కించాక దాని పై భాగాన్ని కూడా తాడుతో కర్రల కట్టుకి బిగించాలి. ఈ పై తాడు మర్చిపోకూడదు.

ఎత్తు సంగతి. పోటీల్లో టార్గెట్ మధ్య బిందువు నేలకి 130 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే 4 అడుగుల 3 అంగుళాలు. మొదలెట్టే పిల్లలకి నేను మీటరు ఎత్తులోనే పెట్టాను. కారణం సింపుల్. టార్గెట్ కిందకి ఉంటే బాణం కాస్త కిందకి చూస్తూ వెళ్లుద్ది, తప్పినా త్వరగా నేల పట్టుద్ది. గురి కుదిరాక అడ్డకర్రల కట్టు విప్పి పైకి జరుపుకుంటే చాలు.

వాలు కూడా ఉండాలి. పోటీల్లో దిమ్మె నిట్టనిలువుగా ఉండదు, 10 నుంచి 15 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. దూరం నుంచి వచ్చే బాణం కిందకి వంగుతూ దిగుద్ది కదా, దానికి ముఖం ఎదురుగా పెట్టినట్టవుతుంది. బాణం సూటిగా దిగితే గడ్డి అన్ని వైపులా సమానంగా పట్టుకుంటుంది. పైగా బరువంతా వెనక కాలి మీదికి పోయి స్టాండ్ ముందుకి పడదు. కొలవడం ఎలా? మీ ఫోన్‌లో వాలు కొలిచే యాప్ ఉంటుంది, ఫోన్‌ని దిమ్మె ముఖానికి ఆనించి చూడండి. యాప్ లేకపోతే తాపీమేస్త్రి తూకంగుండు పద్ధతి: ప్రతి అడుగు ఎత్తుకీ 2 నుంచి 3 అంగుళాలు వెనక్కి వాలితే సరిపోయినట్టే. వాలు తక్కువనిపిస్తే వెనక కాలిని ఇంకాస్త వెనక్కి లాగండి.

చివరిది, అందరూ తేలిగ్గా వదిలేసేది: స్టాండ్‌ని నేలకి కట్టాలి. మన వైపు సముద్రపు గాలి లేస్తే 3 అడుగుల దిమ్మె తెరచాపలా గాలి పట్టుద్ది. ప్రతి కాలి పక్కనా ఒక మేకు దిగ్గొట్టి తాడుతో కట్టండి. కర్రల కట్టు నుంచి ఒక ఇసుక బస్తా కిందకి వేలాడదీస్తే ఇంకా మంచిది. బాణాలు గుచ్చుకుని ఉన్న దిమ్మె బోర్లా పడితే బాణాలు పోవడం ఒకటి, దగ్గర పిల్లలుంటే అది ఇంకో పెద్ద సంగతి.

దిమ్మె కింద, పక్కల బయటికి కనపడే కర్ర భాగాలకి కొబ్బరి తాడు దట్టంగా చుట్టండి. బాణం నేరుగా కర్రకి తగిలితే విరుగుద్ది, లేదా తుళ్లుద్ది.

వెనక ఇంకో తెర

దిమ్మెకి రెండు మీటర్ల వెనక రెండు వెదుళ్లు పాతి, మధ్యలో పాత జంబుఖానా వేలాడదీశాం. దిమ్మె కన్నా రెండు వైపులా, పైకీ ఎక్కువ వచ్చేలా. కింద మాత్రం కట్టలేదు, వదులుగా వదిలేశాం. బిగించి కట్టిన బట్టని బాణం చీల్చుకు పోద్ది. వదులుగా వేలాడే బరువైన బట్ట బాణంతో పాటు వెనక్కి ఊగి, దాని ఊపంతా తీసేసుకుంటుంది. తేలిక విల్లుకి ఇది బాగా పనిచేస్తుంది. కానీ ఇది రెండో అడ్డు మాత్రమే. తెర ఉంది కదా అని వెనకాల మనుషులు తిరిగే చోట పెట్టేస్తే, మొదట చెప్పినదంతా వృథా.

మొదటి రోజు

కొత్త దిమ్మెని పిల్లల చేతికి ఇచ్చేముందు పెద్దవాళ్లు పరీక్షించాలి. 5 మీటర్ల దగ్గర నుంచి నాలుగు మూలలా, మధ్యలో ఒక్కో బాణం వేయండి. వెనక్కి వెళ్లి చూడండి. మొన బయటికొచ్చిందంటే అక్కడ గడ్డి వదులని అర్థం. తాడు మళ్లీ బిగించాలి, లేదా అక్కడ గడ్డి కూరాలి. అన్నీ లోపలే ఆగితేనే సాధన మొదలు.

విజిల్ పద్ధతి కూడా నేర్పండి. పోటీల్లో వాడేదే. రెండు విజిల్స్: కొట్టే గీత దగ్గరికి రండి. ఒకటి: కొట్టొచ్చు. మూడు: ఆపి, బాణాలు తెచ్చుకోండి. ఐదు లేదా ఎక్కువ: ప్రమాదం, ఉన్నవాళ్లు ఉన్నట్టు ఆపేయండి. పొలంలో గేదె అడ్డొచ్చినా ఐదు విజిల్సే. ఒక్కళ్లు ప్రాక్టీసు చేస్తున్నా ఒక పెద్ద మనిషి విజిల్ పట్టుకుని ఉండాల్సిందే.

బాణాల దగ్గరికి నడవాలి, పరిగెత్తకూడదు. దిమ్మెలో గుచ్చుకున్న బాణాల తోకలు సరిగ్గా పిల్లల కళ్ల ఎత్తులో ఉంటాయి. లాగేటప్పుడు వెనక ఎవరూ లేకుండా చూసుకుని, దిమ్మె పక్కన నిలబడి, ఒక చెయ్యి దిమ్మె మీద ఆనించి, రెండో చేత్తో బాణాన్ని గడ్డికి దగ్గరగా పట్టుకుని సూటిగా లాగాలి. వంచి లాగితే బాణం పాడవుద్ది.

దూరం ఎప్పుడు పెంచాలి? మా దగ్గర నియమం ఇది: ఆరు బాణాలూ దిమ్మె మీదే పడాలి. పాయింట్లతో పని లేదు. అలా వరసగా మూడు రోజులు వస్తే 5 మీటర్లు వెనక్కి. ఒక్కటి తప్పినా అక్కడే. పిల్లలకి విసుగే. కానీ తప్పిన బాణం ఖరీదు వాళ్లకి అలాగే అర్థమవుతుంది.

ఎయిర్ రైఫిల్‌కి ఇది వాడొచ్చా?

వద్దు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాక మన హైదరాబాద్ పేరు ఆ ఆటలో మోగింది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్‌లో పేరు తెచ్చుకుంది. ఆ ఆట మీద ఇష్టం ఉంటే రేంజ్‌కి వెళ్లి నేర్చుకోండి. 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు బాణంలా గడ్డిలో నిలిచి కనపడదు. ఎక్కడికి పోయిందో తెలీదు, గట్టిదానికి తగిలితే తుళ్లుద్ది. దానికి గుండుని పట్టి ఉంచే ఇనప పెట్టె, కళ్లద్దాలు, పర్యవేక్షణ వేరే ఉంటాయి. ఇంకో మాట సూటిగా చెప్తాను. విల్లైనా, ఎయిర్ గన్నైనా పొలంలో కొంగల మీద, పిట్టల మీద గురి పెట్టడం ఆట కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

ఎన్నాళ్లు వస్తుంది?

వానలో వదలకపోతే ఒక సీజన్ హాయిగా వస్తుంది. ఎక్కువ బాణాలు పడేది మధ్యలోనే, అక్కడే ముందు మెత్తబడుద్ది. అందుకని వారానికోసారి దిమ్మెని తలకిందులు చేయండి, కాగితాన్ని ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి జరిపి అంటించండి. తాళ్లు నెలకోసారి బిగించండి. ఇంట్లో పెట్టేటప్పుడు నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టండి, ఎలకలు చేరకుండా చూసుకోండి. పూర్తిగా పాడయ్యాక? లోపల విరిగిన మొనలు, ఇనప ముక్కలు ఏవీ లేవని గడ్డి మొత్తం వెతికి, ఎరువు గుంటలో వేయండి. పశువులకి మాత్రం వేయకండి. కంటికి కనపడని ఒక్క ఇనప ముక్క చాలు, గేదె కడుపులోకి పోవడానికి.

మొత్తం మీద మాకు కొన్నవి తాడు, కాగితం టార్గెట్లు, ఒక విజిల్. మిగతావన్నీ ఊళ్లో అడిగితే దొరికినవే. ఇది అకాడమీకి బదులు కాదు. నిలబడే తీరు, తాడు లాగే తీరు కోచ్ దగ్గరే నేర్చుకోవాలి. కాకపోతే కోచ్ చెప్పింది మర్చిపోకుండా రోజూ చేసుకోవడానికి ఒక చోటు కావాలి కదండీ. ఆ చోటు ఇప్పుడు మా బాబాయి పొలంలో ఉంది. ఇవాళ పొద్దున లెక్క: తీసుకెళ్లినవి 12 బాణాలు, తెచ్చినవి 12. దిమ్మె మీద పడ్డవి 9.

మీ ఊళ్లో కడితే, కట్టేముందు చోటు ఫోటో తీసి ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి. "దీని వెనకాల ఎవరు తిరుగుతారు?" అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు దొరికాకే కర్రలు కొట్టుకురండి. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.